గాలిని తొలిచిన కొయ్య

నీ ఊరూ పేరూ నీ బొడ్డు మీదే ఉన్నాయి. చేతిలైటు ఏటవాలుగా పట్టి చూస్తే ఒక్కో అక్షరం తన నీడతో సహా పైకి తేలుతుంది. ముందు డి, పక్కన అంకె: కొన నుంచి కొనకు నీ నిడివి. తరువాత పి, పక్కన ఇంకో అంకె: ఒక్క చుట్టు తిరిగేసరికి గాలిలో ఎంత దూరం ముందుకు చొచ్చుకుపోవాలో నిన్ను చెక్కించినవాడు కట్టిన లెక్క. ఆ అంకెలు మిల్లీమీటర్లలో ఉండొచ్చు, అంగుళాల్లో ఉండొచ్చు. ఆ పైన డ్రాయింగు నంబరు, ఇంజను పేరు, అది ఎన్ని హార్స్‌పవర్‌దో, నీ వరస నంబరు. బ్రిటిష్ కార్ఖానాలో పుట్టినదానివైతే తనిఖీదారు గుద్దిన ఏఐడీ ముద్ర. ఇవన్నీ ఇనప అచ్చు పెట్టి సుత్తితో కొట్టినవి. వార్నీషు రాలినా, రంగు వెలిసినా, పీచును అణగదొక్కి కూర్చున్న ఆ అక్షరాలు అంత తొందరగా లేచిపోవు.

విమానం ముందు తిరిగే కొయ్య రెక్కా, ఓ ప్రొపెల్లరూ, నీకు దండం. జాతకాన్ని ఇలా ఒంటిమీద మోసుకు తిరిగే వస్తువులు లోకంలో తక్కువ. చదివేవాళ్ళు ఇంకా తక్కువ.

మా నాయుడుపేటలో ఏ పాత సామాన్ల కొట్టులోనో నువ్వు బయటపడ్డావనుకుందాం. విమానాశ్రయం లేని ఊరు మాది. స్వర్ణముఖి ఇసుక, బియ్యం మిల్లుల ఊక, మద్రాసు రోడ్డు మీద లారీల హారన్లు, ఇక్కడ చీలి తిరుపతికి మళ్ళే బస్సులు, ఇదీ మా సంత. కూలగొట్టిన మిద్దెల నుంచి వచ్చిన దూలాలు, ద్వారబంధాలు, ఊచలు ఊడిన కిటికీల మధ్య నిన్ను గోడకు నిలువుగా ఆనించి ఉంటారు.

"ఏందన్నా ఇది?"

"పంకా రెక్కలే అబ్బయ్యా. దొరల కాలంది. టేకు."

"టేకు మాదిరి లేదే."

"టేకో గీకో, బరువు చూడు. ఎత్తి చూడు ముందు."

ఎత్తినవాడికి కొంత తెలుస్తుంది. ఇంటి కప్పుకు తిరిగే పంకాకు ఇంత లావు బొడ్డు అక్కర్లేదు, బొడ్డు చుట్టూ ఇన్ని బోల్టు రంధ్రాలు అక్కర్లేదు, అంచుకు ఇత్తడి తొడుగు అసలే అక్కర్లేదు. కానీ కొట్టువాడిది తప్పు కాదు. తూకానికి కొని తూకానికి అమ్మేచోట నిన్ను తూచడమే తెలుసు. నిన్ను చదవాలంటే కాసేపు నీ పక్కన గొంతుక్కూర్చోవాలి.

నీ ఒంట్లో సూటి గీత లేదు. బొడ్డు దగ్గర నిలువుగా లేచిన పలక, కొనకు పోనుపోను వాలి, ఆఖరికి దాదాపు వెల్లకిలా పడుకుంటుంది. నీళ్ళు పిండిన పంచె మెలిక అది. ఆ మెలిక వయ్యారానికి పెట్టింది కాదు. ఒక చుట్టు తిరిగేలోపు నీ మొదలు చిన్న వలయం చుడుతుంది, కొన పెద్ద వలయం చుడుతుంది. ముందుకు పోవలసింది మాత్రం రెండూ సమానంగానే. అందుకే మొదలుకు ఎక్కువ వాలు, కొనకు తక్కువ వాలు. రెండు మీటర్ల రెక్క నిమిషానికి 2,000 సార్లు తిరిగితే దాని కొన గంటకు 750 కిలోమీటర్ల పైవేగంతో పరిగెత్తుతుంది. మోసుకుపోయే విమానమేమో అందులో అయిదో వంతు వేగం కూడా అందుకోని శిక్షణ బండి కావొచ్చు. ఆ తిరుగుడులో నీ ఒక్కో చేయిని బొడ్డు నుంచి పీకేయాలని లాగే బలం టన్నుల లెక్క. దాన్ని పట్టి ఉంచేది చెట్టు పీచూ, వడ్రంగి జిగురూ. అంతే.

రైట్ సోదరులు 1903లో విమానం కట్టబోతూ ఓడల ప్రొపెల్లర్ల శాస్త్రం కోసం వెతికి, తమకు పనికొచ్చే సూత్రమేదీ దొరక్క, చివరికి తామే తేల్చుకున్నారు: ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్క. ఎనిమిదిన్నర అడుగుల జంట రెక్కల్ని స్ప్రూస్ కొయ్యలో చెక్కుకున్నారు. పైవైపు ఉబ్బు, కిందివైపు చదును. నేలపట్టు చెరువు మీదికి ఏటేటా దిగే గూడబాతుల్ని మెడ ఎత్తి చూసినవాళ్ళకు ఆ ఆకారం కొత్త కాదు. నిన్ను చేతిలోకి తీసుకుంటే బొటనవేలికి ఉబ్బు, మిగతా వేళ్ళకు చదును తగులుతాయి. ఉబ్బు వైపు విమానం పోయే దిక్కుకు, చదును వైపు వెనక్కి. గాలి నీ వీపు మీద పలచబడి, పొట్ట కింద చిక్కబడి, ఆ తేడాయే మనిషిని నేల వదిలించింది.

నువ్వు ఒక్క దుంగ కాదు. అయిదో, ఏడో, ఇంకా ఎక్కువో పలకలు. వాల్‌నట్, మహాగని, బర్చ్, యాష్, ఓక్, నీ కులగోత్రాలు ఇవి. ఒక్క దుంగలో చెక్కితే ఏదో ఒక ఎండాకాలం అది వంగుతుంది, లేదా చీలుతుంది. పలకలు వేరువేరు అయితే ఒకదాని వంకరను ఇంకొకటి అడ్డుకుంటుంది. విసనకర్ర మడతల్లా... వద్దు, పోలికలు చాలు. పలక మీద పలక జరిపి పేర్చి, తోలు ఉడికించి తీసిన వజ్రంతోనో, పాల విరుగుడు నుంచి చేసిన కేసీన్ జిగురుతోనో అతికించి, బిగింపుల్లో పెట్టి ఆరనిచ్చేవారు. తరువాత ముతకగా చెక్కి మళ్ళీ కొన్నాళ్ళు వదిలేసేవారు, కొయ్య తన మొండితనమంతా తీర్చుకోవాలని. ఆ పైనే సన్న చెక్కుడు. నిడివి పొడుగునా ఇన్ని అంగుళాలకొక చోట రేకు మూస ఆనించి వంపు సరిచూసేవారు. ఆఖర్న ఇరుసు మీద పెట్టి తూకం. ఒక చేయి దిగితే రెండో చేతికి ఇంకో పూత వార్నీషు. పూత బరువు కూడా లెక్కలోకి వచ్చే పని అది.

మా జిల్లా పాత పటంలో ఉదయగిరి అని ఒక ఊరుంది. అక్కడ నర్ది చెక్కతో గరిటెలూ చెంచాలూ చెక్కుతారు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. ఆ పనివాళ్ళలో ఒకరి చేతికి నిన్ను అందిస్తే ఇంజను సంగతి అడగరు. ముందు పీచు ఎటు పోతోందో చూస్తారు. మెలిక తిరిగిన చోట పలకల అంచులు వరుస వంపుగీతలై బయటపడతాయి కదా, ఆ గీతలు రెండు చేతుల మీదా ఒక్కలాగే ఉన్నాయా అని చూస్తారు. అవి సరిగ్గా జతపడితే నువ్వు మంచి చేతిలో పుట్టినట్టు. నాకైతే ఏ ముద్రకన్నా ఆ గీతల మీదే నమ్మకం ఎక్కువ.

ఇక నీ ఇత్తడి. గాలిలోకి ముందు దూసుకెళ్ళే అంచుకు పలుచటి రేకు తొడిగి, మేకులూ రివెట్లూ కొట్టి, వాటి తలల మీద సీసం తగరం మాటు వేసి, ఆకురాయితో సమం చేశారు. వానచుక్కలు, గడ్డి, గులకరాళ్ళు నిన్ను కొరకకుండా ఆ కవచం. సముద్రపు గాలి తగిలే మా వైపు ఇంట్లో అది పచ్చగా చిలుము పడుతుంది. కొనల దగ్గర రేకులో సూది మొనంత రంధ్రాలు కనిపిస్తాయి, తెలియనివాళ్ళు పురుగు తొలిచిందనుకుంటారు. పురుగు కాదు. కొయ్యలోకి ఇంకిన చెమ్మ తిరుగుడు వేగానికి కొనకు చేరి, ఆ రంధ్రాల్లోంచి బయటికి చిమ్మిపోవాలని ఉద్దేశపూర్వకంగా వేసినవి. నీకు చెమట పట్టడానికి కూడా వాళ్ళు దారి ఉంచారు.

నువ్వు ఎటు తిరిగేదానివో చూద్దాం. ఉబ్బు వైపు నాకు ఎదురుగా పెట్టి నిలబెడతాను. పై చేతికి లావు అంచు, ఇత్తడి అంచు, నా ఎడమ పక్కన ఉంటే నువ్వు కుడిచుట్టు దానివి, అంటే వెనక కూర్చున్న పైలట్ కంటికి గడియారపు ముల్లు తీరున తిరుగుతావు. ఆ అంచు నా కుడి పక్కకు వస్తే ఎడమచుట్టు. నువ్వు ఏ విమానానిదానివో అని వేసుకున్న జాబితా నుంచి చాలా విమానాలు ఈ ఒక్క చూపుతోనే తప్పుకుంటాయి. డి హావిలాండ్ వారి జిప్సీ మేజర్ ఇంజను ఎడమచుట్టుది. ఆ ఇంజను టైగర్ మాత్ అనే శిక్షణ విమానానిది. టైగర్ మాత్ అంటే బేగంపేట.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బేగంపేటలో నంబర్ 1 ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు నడిచింది. భారత వైమానిక దళానికి పోదలచిన కుర్రాళ్ళు మొదటిసారి నేల వదిలింది ఆ టైగర్ మాత్‌ల మీదే. సెల్ఫ్ స్టార్టర్ల ముచ్చట వాటికి లేదు. మెకానిక్ ముందు నిలబడి, అరచేతులు నీ మీద చదునుగా ఆనించి, వేళ్ళు అంచుకు చుట్టకుండా జాగ్రత్తపడి, "కాంటాక్ట్!" అని కేక వేసి, వెనక నుంచి అదే కేక తిరిగి వచ్చాక, ఒక్క ఊపుతో నిన్ను కిందికి లాగి, అదే ఊపులో తాను వెనక్కి తప్పుకునేవాడు. వేళ్ళు చుట్టినవాడికి వేళ్ళు మిగలవు. దక్కను ఎండలో వార్నీషు మీద ఎన్ని అరచేతుల చెమట ఇంకిందో! నీ రెక్క నడుమ ఒక చోట నిగనిగ ఎక్కువగా అరిగి ఉంటే, దాన్ని మరక అని తుడవబోకండయ్యా అని ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది.

అంతకన్నా పాత కథ ఇంకోటి ఉంది, అదీ హైదరాబాదుదే. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో బ్రిటిష్ వారి 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్9ఏ బాంబర్లన్నీ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో వచ్చాయి. దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు నిలిచింది. ఒక్కో విమానం మీద నిజాం కానుక అని రాయించారు. లిబర్టీ ఇంజను, పన్నెండు సిలిండర్లు, 400 హార్స్‌పవర్. ముందర తిరిగింది నీ తోబుట్టువులే, కొయ్యే. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరి జర్మన్ పట్టణాల మీదికి పగటిపూట పోయాయి. రెండు నెలల్లో చాలా విమానాలు తిరిగి రాలేదు. వాటిలో ఒకటి, ఎఫ్1010, అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో బాంబుల భయానికి పోలండ్‌కు తరలించారు. క్రాకోలో ఏళ్ళకేళ్ళు పడి ఉంది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని మారకంగా ఇచ్చి లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం దాన్ని తెచ్చుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది, మన రైతు శిస్తుతో కొన్న విమానం.

శిస్తు మాట కావాలనే అన్నాను. నిజాం ఖజానా అంటే తెలంగాణ మాగాణీ, మరాఠ్వాడా జొన్నచేను. అందుచేత బొడ్డు మీద "డీహెచ్9ఏ", "400 లిబర్టీ" అన్న గుద్దులు కనిపించే రెక్క ఎక్కడైనా దొరికితే, లండన్ వేలంలో దానికి పలికే ధర ఒకటి, మనకు దాని ధర ఇంకొకటి. ఆ రెండో ధర పౌండ్లలో చెప్పలేం.

మొదటి ధర ఎలా కడతారో చెబుతాను. పేరున్న యుద్ధవిమానానిదైతే ఎక్కువ, శిక్షణ విమానానిదైతే తక్కువ, ఏ విమానానిదో తేలకపోతే ఇంకా తక్కువ. మామూలు రెక్క వందల పౌండ్ల దగ్గర ఆగుతుంది, అరుదైనది వేలల్లోకి ఎగబాకుతుంది. తయారీదారు అంటించిన గుర్తు బొమ్మ రెక్క మీద నిలిచి ఉంటే ధర లేస్తుంది. 1909 జూలై 25న బ్లేరియో విమానంలో ఇంగ్లీష్ ఛానెల్ దాటింది షోవియేర్ చేసిన ఇంటెగ్రాల్ రెక్కతో, ఆ ఇంటెగ్రాల్ పేరున్న బొమ్మ చూస్తే కొనేవాడి కళ్ళు మెరుస్తాయి. ఇంగ్లండ్‌లో లాంగ్, జర్మనీలో హైనె, ఆక్సియల్ కూడా అలాంటి తయారీదారుల పేర్లే. బెర్లిన్ నొయ్‌కోల్న్‌లో అయితే ఒక కంపెనీ తన రెక్కలకు గరుడ అనే పేరే పెట్టుకుంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున మా ఊరి మీదుగా పోయే జనాన్ని చూసేవాణ్ణి, ఆ సంగతి తెలిసిన రోజు కాసేపు నవ్వుకున్నాను. వాహనం ఎంచుకోవడంలో వాళ్ళు పొరపాటు పడలేదు.

తగ్గించేవీ ఉన్నాయి. యుద్ధం ముగిశాక మిగిలిన రెక్కల బొడ్డు తొలిచి గడియారాలు బిగించి, దొరల గదుల్లో వేలాడదీశారు. కొన్నిటికి కొనలు కోసి పొట్టివి చేశారు, గోడకు సరిపోలేదని. అన్నిటికన్నా ఘోరం గరుకు కాగితం. పాతదాన్ని కొత్తగా చూపాలన్న సరదాతో ఎవరో నిన్ను తళతళలాడేలా రుద్ది పాలిష్ పెట్టారంటే, అక్షరాల అంచులు పోయాయి, గుర్తు బొమ్మ పోయింది, అరచేతుల నిగనిగ పోయింది, ధరలో సగం ఆ పొడిలో పోయింది. చిలుము పట్టినా సరే, గీతలు పడినా సరే, మెత్తటి పొడిబట్టతో దుమ్ము దులిపి ఊరుకోవడమే నీకు చేసే మర్యాద. ఇత్తడికి చింతపండు పెట్టి తోమాలనిపించే చేతుల్ని మా ఇంట్లోనే ఎరుగుదును.

నకిలీలూ నీ పేరుతో తిరుగుతున్నాయి. హోటల్ గోడలకూ కాఫీ షాపులకూ వేలాడదీసే అలంకారపు ప్రొపెల్లర్లు. వాటిని పట్టడం కష్టం కాదు. బొడ్డు పలచన. మెలిక ఉండీ లేనట్టు. ముందూ వెనకా ఒకే తీరు ఉబ్బు. పలకల గీతలు రంగుతో వేసినవి, అంచు దగ్గర చూస్తే ఆగిపోతాయి. అసలుదాని బొడ్డు మీద ఇనప పలక బిగించిన గుండ్రటి నొక్కు ఉంటుంది, బోల్టు రంధ్రాల చుట్టూ కొయ్య నలిగి ఉంటుంది. ఎన్ని గంటలు తిరిగితే ఆ నొక్కు పడిందో! నొక్కు అసలే లేకుండా ముద్రలన్నీ సక్రమంగా ఉన్నాయంటే, గిడ్డంగి దాటి ఇంజను మొహం చూడని మిగులు సరుకు అయి ఉంటుంది. కొందరు కొనుగోలుదారులు దాన్నే ఇష్టపడతారు, ఒంటిమీద గాయం లేదని. నేను ఆ పక్షం కాదు.

పాతవి ఎక్కడి నుంచి ఊడిపడతాయో ఎవరికీ తెలియదు. మొదటి యుద్ధం అయ్యాక బ్రిటన్ తన మిగులు విమానాల్లో వందను ఇండియాకు కానుకగా పంపింది. వాటిలోని డీహెచ్9 అవశేషాలు బికనీర్ జునాగఢ్ కోటలో, ఏనుగుల శాలలో బయటపడ్డాయి. అందులో ఒకదాన్ని ఇంగ్లండ్ తీసుకెళ్ళి బాగుచేసి, 2019లో డక్స్‌ఫర్డ్‌లో మళ్ళీ ఎగరేశారు. ఈ కథ విని ఇంట్లో దొరికినదాన్ని పెట్టెలో పెట్టి విదేశానికి పంపుదామనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మన 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన చారిత్రక వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని ఎవరికి వారు దేశం దాటించడం కుదరదు. 1917లో పుట్టిన రెక్క ఆ గీత దాటేసింది. బేగంపేట టైగర్ మాత్ రెక్కకు ఇంకా కాస్త గడువుంది.

మాకు శ్రీహరికోట పక్కనే. రాకెట్ పోయే రోజు నాయుడుపేట మేడల మీద జనం. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన నాటి నుంచి ఆకాశం వైపు చూడడం మా అలవాటు. ఆ నిప్పుకు గాలితో పనిలేదు, తనకు కావలసిన ఆక్సిజన్ తానే మోసుకుపోతుంది, గాలి లేని చోటికి పోవడమే దాని గొప్ప. నువ్వు అలా కాదు. గాలి లేకపోతే నువ్వు వట్టి చెక్కవి. గాలిని తోస్తావు, గాలి నిన్ను తోస్తుంది, ఒకరికొకరు బాకీ. నాది పక్షపాతమే కావచ్చు, రాకెట్ వెళ్ళిపోయాక మేడ మీద తలలు వంచి మెట్లు దిగే జనంలో నాకు నీ మీదికే మనసు పోతుంది.

కొయ్య రెక్కా, నువ్వు గనక నా పాలబడితే ముందు నీ ఫొటోలు తీస్తాను, బొడ్డు రెండు వైపులా, కొనలు, అంచు, పక్కన టేపు పరిచి. అక్షరాల్ని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసుకుంటాను, సగం కనిపించినవాటిని ఊహించి పూరించను. ఆ పైనే బేరం, ఆ పైనే ధర. గోడకు నిలువుగా ఆనించను, చెమ్మంతా కింది చేతికి దిగి తూకం చెడుతుందని. విమానాలు నిలిపి ఉంచేటప్పుడు కూడా నిన్ను అడ్డంగానే ఉంచేవారు కదా. పడమటి ఎండ పడే గోడా వద్దు, వంటింటి పక్క గదీ వద్దు. రెండు మేకుల మీద అడ్డంగా, చెదలు ఎక్కని ఎత్తున. నవంబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు పెడితే, ఎవరెంత గొణుక్కున్నా సరే, ఆ గదిలో తడిబట్టలు ఆరేయనివ్వను.